చలికాలమున సైకిలు: నియమమా, పంతమా?

ధర్మసంకటములు కురుక్షేత్రమునందే పుట్టుననుకొనుట పొరపాటు. ఉదయము ఏడు గంటలకు, ఇంకను చీకటి తొలగని వీధి వాకిట, ఒక చేత సైకిలు తాళపుచెవియు మరియొక చేత ఉన్ని తొడుగును పట్టుకొని నిలిచిన సామాన్య గృహస్థునకును అవి యెదురగును. శీతదేశములలో ఆకురాలు కాలము ముగియవచ్చినపుడు సైకిలు గలవారి యిండ్లలో నొక ప్రశ్న తల యెత్తుచుండును. దీనిని తుడిచి, నూనె రాచి, వసంతము వరకు మూలబెట్టుటయా, లేక చలికాలమంతయు దీనిమీదనే తిరుగుటయా? వినుటకిది స్వల్పమైన ప్రశ్న. రాజ్యములు దీనిపై నాధారపడి యుండవు. అయినను దేహముతో తనకు గల సంబంధమెట్టిదో, తాను చేసికొన్న నిశ్చయముతో గల సంబంధమెట్టిదో, ఇంటివారితో గల సంబంధమెట్టిదో మనుజునకు తెలియజెప్పు ప్రశ్నలలో నిది యొకటి.

ఈ ప్రశ్నకు నిజమైన నెలవు ఉత్తరదేశములు. ఫిన్లండు దేశమున, బోత్నియా సింధుశాఖ తీరమున, ఔలు అను పట్టణము కలదు. అది ఉత్తర అక్షాంశము 65 డిగ్రీలకడ నున్నది. జనసంఖ్య రెండు లక్షలకు పైబడినది. డిసెంబరు మూడవ వారమున అచ్చట సూర్యుడు ఆకాశమున నాలుగు గంటలైనను నిలువడు. జనవరిలో సున్నకు దిగువ 10 డిగ్రీల చలి సామాన్యము. 20 డిగ్రీలకు దిగు దినములును ఉండును. అట్టి యూరిలో జనులు శీతకాలమునందును సైకిలు త్రొక్కుదురు. బడిపిల్లలు, ఉద్యోగులు, సంచి తగిలించుకొని బజారునకు పోవు వృద్ధురాండ్రు, అందరును అందు గలరు. సైకిళ్ళకై వేసిన వందలాది కిలోమీటర్ల బాటలును, పెద్ద రోడ్ల క్రిందుగా దాటిపోవు మార్గములును అచ్చట కలవు. మంచు కురిసిన ప్రొద్దున యంత్రములు వచ్చి ఆ బాటలను చదును చేయును. ఉప్పు చల్లి మంచును కరగించు పద్ధతి తీవ్రమైన చలిలో అంతగా పనిచేయదు. కరిగీ కరగని బురద మరల గడ్డకట్టి మరింత అపాయకరమగును. కావున మంచును అణచి గట్టిపరచి సన్నని కంకర చల్లుదురు. అట్టి బాటపై చక్రము నిలుకడగా నడచును. చలికాలపు సైకిలు ప్రయాణమును గూర్చి చర్చించుటకు 2013వ సంవత్సరమున మొదటి అంతర్జాతీయ సమావేశము జరిగినదియు ఈ యూరనే. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగనులో చలి ఇంత తీవ్రము గాదు; అచ్చట ఉప్పునే వాడుదురు, కాని మోటారు బాటలకంటె ముందు సైకిలు బాటలను శుభ్రపరచుదురు.

ఇట్టి ఔలు పట్టణమునకు ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు యువకు నొకని ఊహింపుడు. నేడు తెలుగు దేశమునుండి ఇంజనీర్లును విద్యార్థులును అట్టి సీమలకు పోవుచునే యున్నారు గనుక ఈ ఊహ అసంభవము గాదు. గోదావరి తీరమున పుట్టి పెరిగిన వానికి మార్గశిరమున తెల్లవారుజామున దుప్పటి నిండుగ కప్పుకొనుటయే చలి. అతని యింటికిని కార్యాలయమునకును ఆరు కిలోమీటర్ల దూరము. వేసవిలో నొక సైకిలు కొనెను. సెప్టెంబరు చివర నొక సాయంకాలము, కిటికీ ప్రక్కన కూర్చుండి వేడి కాఫీ త్రాగుచు, ఈ శీతకాలమంతయు సైకిలుపైననే పనికి పోవుదునని నిశ్చయించుకొనెను. కారణములు మంచివే. దేహమునకు వ్యాయామము, బస్సు ఖర్చు మిగులును, గాలిలో పొగ కలువదు, మీదుమిక్కిలి మనస్సునకు శిక్షణ. ఈ కారణములను విమర్శింప బనిలేదు. విమర్శింపవలసినది ఆ నిశ్చయము పుట్టిన వేళను.

ఆ సాయంకాలము నిశ్చయించినవా డొకడు. నవంబరు తుదిని గుమ్మము తెరచి, ముఖమునకు చలి తగులగా, మెట్లపై నిలుచువాడు వేరొకడు. మొదటివానికి చలి యెట్టిదో తెలియదు. రెండవవానికి ఆ క్షణమున చలి తప్ప వేరేమియు తెలియదు. మొదటివాడు అజ్ఞుడు, రెండవవాడు పక్షపాతి. వీరిలో ఎవని మాట చెల్లవలెను? మొదటివానికే సర్వాధికారము నిచ్చినచో, ఎన్నడును మంచు చూడని యొకడు మంచును గూర్చి చేసిన శాసనమునకు కాలుచేతులను తాకట్టు పెట్టినట్లగును. రెండవవానికే యిచ్చినచో నిశ్చయమను మాటకే అర్థములేదు; ప్రతి ప్రొద్దునను దుప్పటియే గెలుచును. తెలుగువారు ఆరంభశూరులను అపవాదు పాతది. అది న్యాయమైనను కాకున్నను, ఆరంభశూరత్వమునకు మూలము శూరత్వలోపము గాదనియు, ఆరంభమునందే విచారణలోపము కలదనియు చెప్పవచ్చును.

శీతోష్ణములనగానే గీతలోని ద్వితీయాధ్యాయము స్ఫురించును. ఇంద్రియములు విషయములను తాకుటచేత చలియు వేడిమియు, సుఖమును దుఃఖమును కలుగుచుండుననియు, అవి వచ్చిపోవునవి గాన వాని నోర్చుకొనుమనియు 14వ శ్లోకమున భగవానుడు అర్జునునకు బోధించును. అయితే ఈ యొక్క శ్లోకమును జేబులో వేసికొని సైకిలెక్కువాడు గీతను ఆరంభమునందే మూసివేసినవాడగును. చివరి యధ్యాయమున, 8వ శ్లోకమున, చేయదగిన కర్మను దేహశ్రమకు వెఱచి విడుచుట రాజసత్యాగమని చెప్పబడినది. అట్టి త్యాగికి త్యాగఫలము దక్కదు. ఇది బస్సెక్కువానికి హెచ్చరిక. దానికి ముందటి యధ్యాయమున, 18, 19 శ్లోకములందు, మన్నన కొఱకు దంభముతో చేయు తపస్సు రాజసమనియు, మూఢమైన పట్టుదలతో తన్ను తాను పీడించుకొనుచు చేయునది తామసమనియు నున్నది. ఇది సైకిలెక్కువానికి హెచ్చరిక. చిక్కేమనగా, వెలుపలినుండి చూచువానికి వీరిలో ఎవరును గుర్తింపబడరు. బస్సునందు కూర్చున్నవాడు వివేకి కావచ్చును, పిరికివాడు కావచ్చును. మంచులో త్రొక్కుచు పోవువాడు నియమపరుడు కావచ్చును, దాంభికుడు కావచ్చును, వట్టి మొండివాడును కావచ్చును. కొన్ని దినములలో ఆ ముగ్గురును అతడే కావచ్చును.

ఓర్పు తనంతట తానొక సద్గుణమా? దీనికి చరిత్రలో నొక విచిత్రమైన నిదర్శనము కలదు. అలాస్కాలోని నోమ్ తీరమున బంగారము దొరకినదని విని, 1900వ సంవత్సరమున కెనడాలోని డాసన్ పట్టణమునుండి పెక్కుమంది అటు పరుగెత్తిరి. వారిలో ఎడ్వర్డ్ జెస్సన్ అనువాడు ఫిబ్రవరి మాసమున గడ్డకట్టిన యూకాన్ నది మీదుగా సైకిలుపై బయలుదేరెను. దూరము ఇంచుమించు 1600 కిలోమీటర్లు. చలికి రబ్బరు టైర్లు గొట్టమువలె బిగిసిపోయెను. ఇరుసులలోని నూనె గడ్డకట్టెను. అతని తరువాత మార్చి నెలలో అదే మార్గమున వచ్చిన మాక్స్ హిర్ష్‌బర్గ్ అను మరియొకడు, తుదకు చైను తెగిపోగా, తన కోటునే తెరచాపగ జేసికొని గాలివాలున మంచుపై సాగిపోయెను. ఏ తపస్వియు వీరికంటె హెచ్చు చలిని సహించి యుండడు. కాని వారు సహించినది బంగారము కొఱకు. వారిని నిందింపబనిలేదు, వారి సాహసము మెచ్చదగినదే. అయినను ఆకాంక్షయు ఇంతటి చలిని ఓర్వగలదని తెలిసిన పిమ్మట, నేను చలిని ఓర్చితిని గనుక మనస్సును జయించితినని యెవ్వడును చెప్పుకొనజాలడు.

ఆ యువకునకు ఇంతకంటె సమీపముననే మరియొక పాఠము దొరకును. డిసెంబరులో నొకనాడు అతడు ఉన్ని టోపీ, దానిపై హెల్మెట్టు, కన్నులు తప్ప తక్కిన ముఖమంతయు కప్పు గుడ్డ ధరించి, యుద్ధమునకు వెడలిన వీరునివలె బాటపైకి వచ్చును. ఎనిమిదేండ్ల పిల్ల యొకతె వీపున పుస్తకాల సంచితో, తోడి పిల్లతో కబుర్లాడుచు, సైకిలుపై అతనిని దాటి పోవును. ఆమెకు ఇది తపస్సు గాదు, బడికి పోవుట మాత్రమే. ఆ దినమున అతని దీక్షలోని సగము బరువు తీరిపోయినచో అది అతని యదృష్టము. ఆ పిల్ల అంత సులభముగ పోవుటకు కారణము ఆమె వైరాగ్యము గాదు, తెల్లవారకముందే బాటను చదును చేసిన యంత్రమును దానిని నడపిన కార్మికుడును. ఒక యూరు తగిన యేర్పాటు చేసినచోట సామాన్యమైన పని, చేయనిచోట వీరకృత్యమగును. వీరకృత్యములు హెచ్చుగా అవసరమగు ఊరు మంచి ఊరని చెప్పుటకు వీలులేదు.

ఇక దేహమును గూర్చిన మాట. వివేకచూడామణిలో తితిక్షకు చెప్పిన లక్షణము ప్రసిద్ధము. దుఃఖములను ప్రతీకారము లేకయు, చింతావిలాపములు లేకయు సహించుటయే తితిక్ష. ప్రతీకారము లేకయన్న మాటను పట్టుకొని, చేతితొడుగు వేసికొనుటయు ప్రతీకారమే గదా యని యెవరైన వాదింపవచ్చును. ఇట్టి వాదములు చలి లేని గదులలో పుట్టును. తొడుగు లేనివాడు ఆరు కిలోమీటర్లును తన వ్రేళ్ళనే ధ్యానించుచు పోవును. తొడుగు గలవాడు రెండవ మలుపుకడనే వ్రేళ్ళ నుండుటను మరచిపోవును. చింతావిలాపములు లేమి లక్షణముగ గలదానికి ఈ యిద్దరిలో దగ్గరవాడెవడో చెప్పబనిలేదు. బ్రదికియుండుటకు వలసిన సాధనమును వాడుటవేరు, ప్రతి చిన్న బాధకును లోకమును సవరింప బూనుటవేరు.

చలికి తగిన ఏర్పాట్లు నిజముగ నేర్చుకొనదగినవి. ఇందు సూక్ష్మములు కలవు. గాలి వీచినపుడు చలి చర్మమునకు హెచ్చుగ తోచును. 2001వ సంవత్సరమునుండి కెనడాలో వాడుచున్న లెక్క ప్రకారము, సున్నకు దిగువ 10 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీచినచో అది సుమారు 18 డిగ్రీల దిగువవలె తగులును. సైకిలుపై పోవువాడు గాలి లేనినాడును తన గాలిని తానే కల్పించుకొనును. అయితే కాళ్ళు పనిచేయుచుండుటచే దేహము లోపల వేడెక్కును, చెమట పట్టును. నూలుబట్ట ఆ చెమటను పీల్చి తడిసి, ఆగినచోట ఒడలిని వణకించును. కావున ఒంటికి తగులు వస్త్రము ఉన్నిదిగ నుండుట మేలు. ఒక మందపు కోటుకంటె పలుచని వస్త్రములు రెండు మూడు పొరలుగ వేసికొనుట మంచిది. అనుభవజ్ఞులు చెప్పు నియమ మొకటి కలదు. ఇల్లు వదలునపుడు కొంచెము చలిగ నుండవలెను. గుమ్మముకడనే వెచ్చగ నున్నవాడు రెండు కిలోమీటర్లలో తడిసిపోవును.

వ్రేళ్ళును చెవులును ముక్కుకొనయు వేరు విషయము. తీవ్రమైన చలిలో రక్తము ఈ చివరలను వదలి లోనికి తగ్గును. మొదట నొప్పి పుట్టును. పిమ్మట నొప్పి పోవును. ఈ రెండవ దశనే జాగ్రత్తగ తెలిసికొనవలెను. నొప్పి పోయినది గదా, దేహము చలికి అలవాటుపడినది, ఓర్పు ఫలించినదని కొత్తవాడు సంతోషించును. నిజమునకు అచ్చట స్పర్శజ్ఞానము నశించినది, చర్మము గడ్డకట్ట నారంభించినది. ఇక ఆలస్యము చేసినచో వ్రేలు దక్కకపోవచ్చును. వెంటనే వెచ్చని చోటికి పోవలెను. ఆ భాగమును రుద్దరాదు.

మనస్సున కూడ ఇట్టి దశ యొకటి కలదు. దీర్ఘకాలము కష్టము సహించినవారిలో కొందరు ఒకనాటికి ఏమియు తాకనివారగుదురు. ఇంటివారి కన్నీరు తాకదు, ఇరుగుపొరుగు వారి ఆకలి తాకదు. చూచువారు దానిని సమత్వమని పొగడుదురు. వారును అట్లే అనుకొందురు. తిమ్మిరియు శాంతియు రెండును నొప్పి లేకుండుటచేతనే గుర్తింపబడును గనుక భ్రాంతి సహజము. కాని శాంతుడైనవానికి తన నొప్పి చిన్నదగును, పరుల నొప్పి స్పష్టమగును. తిమ్మిరెక్కినవానికి రెండును లేవు. చలికాలపు సైకిలువాడు తన వ్రేళ్ళను అప్పుడప్పుడు కదల్చి చూచుకొనునట్లు, నియమములు పాటించువాడు తనకింకను ఏది నొప్పి కలిగించుచున్నదో చూచుకొనుచుండుట మంచిది. అతడు దీనిని మరచుట తరచు. తక్కిన జాగ్రత్తలన్నియు తీసికొనువాడు సైతము దీనిని మరచును.

చలికంటె అపాయకరమైనది నేల. మెత్తని మంచుకాదు, కంటికి గాజుపొరవలె కానరాని గడ్డమంచు. వంతెనలపై అది ముందుగా పట్టును, ఏలయన వంతెనకు పైనను క్రిందను గాలియే తగులును. పగలు కొంచెము కరిగి రాత్రి మరల గడ్డకట్టిన మరునాటి ఉదయము మిక్కిలి చెడ్డది. దీనికై టంగ్‌స్టన్ కార్బైడు కొనలు గల చిన్న మేకులు పొదిగిన టైర్లు దొరకును. అవి గడ్డమంచును గ్రుచ్చి పట్టుకొనును. మలుపులలో వేగము తగ్గింపవలెను, ముందు బ్రేకును పిడికిలించి పట్టరాదు, ముందును వెనుకను లైట్లు వెలుగవలెను. వీనిని నిర్లక్ష్యము చేసి, ధైర్యముతో పోవుచున్నానని యనుకొనువానికి ధైర్యమునకును అజాగ్రత్తకును భేదము తెలియదనవలెను.

ఇచ్చటనే ప్రశ్న యొక్క నైతిక స్వరూపము మారును. చలి బాధించునది ఒక్కనినే. పడిపోవుట యొక్కనితో పోదు. చీకటిలో లైటు లేక జారిపడిన వానిపై మోటారు నడపినవాడు, తన తప్పేమియు లేకున్నను, ఆ దృశ్యమును జీవితమంతయు మోయవలెను. తుంటి యెముక విరిగి మంచమున పడినచో సేవ చేయునది భార్య. ఆ యువకుని తల్లి ప్రతి యాదివారమును ఫోనులో అడుగుచుండును: “ఒరే నాన్నా, అంత మంచులో ఆ సైకిలెందుకురా? బస్సులున్నాయన్నావుగా!” అతడు నవ్వి, “అలవాటైపోయిందమ్మా, ఇక్కడ ముసలివాళ్ళు కూడా తొక్కుతారు” అనును. ఆమె మాటలాడక, కొంతసేపటికి, అన్నము తిన్నావా యని వేరు ప్రశ్న వేయును. ఆమె భయము నిజమైన అపాయమునకు అనురూపమైనది కాకపోవచ్చును. ఔలు బాటలను ఆమె చూచినది కాదు. అయినంత మాత్రమున ఆ భయము లెక్కలోనికి రాదా? ప్రియజనుల భయమున కెల్ల లోబడినచో మనుజుడు ఇల్లు వదలి యడుగైనను వేయలేడు. దానిని పూర్తిగ త్రోసివేసినచో నియమము పేర హింస చేసినవాడగును. లోబడుట, త్రోసివేయుట అను రెండు మార్గములు గాక మూడవది యొకటి కలదు. ఆ భయమును ప్రశ్నగ మార్చి దానికి సమాధానము చెప్పుట. ఏ టైర్లు వేయించితినో, ఏ దినములలో పోనో, చేరగానే ఫోను చేయుదునో లేదో ఆమెకు చెప్పవచ్చును. చెప్పినదానికి కట్టుబడియు ఉండవలెను. ఓదార్పు కొఱకు చెప్పి పిమ్మట తప్పినచో అది చెప్పకపోవుటకంటె హీనము.

ఏ దినములలో పోడో ముందే చెప్పుటయన్నచో, నియమమునకు మినహాయింపు లుండుటయా? ఉండినచో అది నియమమగునా? ఈ సందేహమునకు పరదేశములకు పోనక్కరలేదు. కార్తిక మాసమున తెల్లవారకముందే నదికి పోయి చన్నీట మునుగుట తెలుగు స్త్రీపురుషులకు పరిచితమైన వ్రతము. ఒడలు జివ్వుమనును, పండ్లు టకటకలాడును, అయినను నెల దినములు విడువరు. కాని రోగియైనవాడును అశక్తుడును నీట మునుగవలెనని శాస్త్రకారులు నిర్బంధింపలేదు. తడిగుడ్డతో ఒడలు తుడుచుకొనుట, మంత్రస్నానము, భస్మస్నానము, మానసస్నానము అను ప్రత్యామ్నాయములను వారే యేర్పరచిరి. గమనింపదగిన దేమనగా, ఆ మినహాయింపులు నీటి యొడ్డున వణకుచు నిలిచినవాడు కల్పించుకొన్నవి కావు. వ్రతమును విధించినవారే, చలి తగులనివేళ, ఎవరికి వర్తించునో చెప్పి విధించినవి. ముందు చెప్పిన మినహాయింపు నియమములో భాగము. గుమ్మముకడ పుట్టిన మినహాయింపు నియమభంగము. రెండింటివలన జరుగు పని యొకటే కావచ్చును, ఆ దినమున బస్సెక్కుటయే కావచ్చును. చేసినవాని మనస్సున మిగులునది మాత్రము వేరు.

కనుక ఆ యువకుడు చేయవలసిన నిశ్చయము సెప్టెంబరు కాఫీవేళ చేసినట్టిది గాదు. అక్టోబరులో ఆ యూరి పాతకాపుల నడిగి, ఒకటి రెండు చలి ప్రొద్దులు త్రొక్కి చూచి, అప్పుడు వ్రాసికొనవలెను. చలి సున్నకు దిగువ ఇన్ని డిగ్రీలు దాటినచో పోను. మేకుల టైర్లు వేయించువరకు గడ్డమంచుపై పోను. లైటు వెలుగనినాడు పోను. జ్వరముగ నున్నప్పుడు పోను. తక్కిన దినములలో పోవుదును. ఎన్ని డిగ్రీలన్నది ఒక్కొక్కని దేహమునుబట్టి, దూరమునుబట్టి మారును; దానికి శాస్త్రములేదు. ఇట్లు వ్రాసికొనినవానికి ఉదయమున వాదము చేయు పని తప్పును. ఉష్ణమాపకమును చూచుట, నేలను బూటుకాలితో రాచి చూచుట, లైటు నొక్కి చూచుట, అంతియే. గుమ్మముకడ నిలిచినవాడు సాక్షి; అతడు చూచినది చెప్పవచ్చును, తీర్పు చెప్పరాదు. నియమమే తప్పని తోచినచో? తోచవచ్చును, మొదటి సంవత్సరము వ్రాసికొన్నది చాలవరకు తప్పుగనే యుండును. అప్పుడు దానిని మార్చుకొనవలెను. కాని సాయంకాలము, ఇంట, వెచ్చగ కూర్చుండి, భార్యతోనో మిత్రునితోనో చెప్పి మార్చుకొనవలెను. మార్చిన నియమము మరునాటినుండి చెల్లును.

ఇంత చేసినను నియమమునకు చిక్కని ప్రొద్దు లుండును. చలి ఎనిమిది డిగ్రీలే, లైటు వెలుగుచున్నది, నేలయు మంచిదే. రాత్రియంతయు బిడ్డకు దగ్గు వచ్చి నిదురలేక కన్నులు మండుచున్నవి. వ్రాసికొన్నదానిలో నిదురలేమి లేదు. అట్టినాడు అతడు బస్సెక్కినచో తప్పని యెవ్వరును అనజాలరు. కాని ఆ దినమును నియమము పాటించిన దినములలో లెక్కింపకుండుటయు, దానికై తన్ను నిందించుకొనకుండుటయు, ఈ రెండును కలిసి చేయుట కొంచెము కష్టము. చాలమంది వీనిలో ఒకటి మాత్రమే చేయుదురు.

నియమము చక్కగ సాగిన పిమ్మట వచ్చు విఘ్నము వేరు. ఫిబ్రవరి నాటికి చలి అలవాటగును, చేతులు తమపని తాము చేయును. అప్పుడు కార్యాలయమున మెట్లపై మంచు విదల్చుకొనుచు, బస్సు దిగి వచ్చువారిని చూచి, లోన నొక చిన్న చిరునవ్వు పుట్టును. అది పెదవులకు రాకపోయినను పుట్టినట్లు తనకు తెలియును. వారిలో ఒకామెకు మోకాళ్ళ నొప్పి, ఒకనికి ఇద్దరు పసిపిల్లలను దారిలో దింపవలసిన పని, మరియొకనికి కేవలము ఇష్టము లేదు. ఇష్టము లేనివాడు సైతము ఏ ధర్మమునకును తప్పినవాడు గాడు; చలికాలమున సైకిలు త్రొక్కుట యెవ్వరికిని విధి కాదు.

త్రొక్కుటయా మానుటయా యను ప్రశ్న వేసికొనుటకే అవకాశము లేనివారును లోకమున పెక్కుమంది కలరు. గంగాయమునా మైదానమున డిసెంబరు, జనవరి నెలలలో పొగమంచు దట్టముగ క్రమ్మి పది గజముల దూరమున మనిషి కానరాడు. ఆ వేళ పాలవారు, పత్రికలు వేయు పిల్లలు, కర్మాగారములకు పోవు కూలీలు వెనుక దీపమైనను లేని పాత సైకిళ్ళపై, తలకు మఫ్లరు చుట్టుకొని పోవుచుందురు. వారికది సంకల్పము గాదు, తితిక్ష యను పేరును వినియుండరు. వారి సైకిలు వెనుక ఎఱ్ఱని ప్రతిఫలక మొకటి తగిలించుట, తన దీక్షను గూర్చి వ్యాసము వ్రాసికొనుటకంటె చాల మంచి పని. ఢిల్లీ వంటి నగరములలో మరియొక చిక్కున్నది. అచ్చట చలి స్వల్పము, గాలి మలినము. శీతకాలమున సూక్ష్మధూళి నేలకు దగ్గరగ నిలిచిపోవును. శ్రమించి దీర్ఘముగ ఊపిరి తీయువాడు దానిని మరింత లోనికి తీసికొనును. గాలి మిక్కిలి చెడిన దినములలో, వేరు మార్గము గలవాడు సైకిలు మానుటయే వివేకము. ఔలులో సరియైన నిర్ణయము ఢిల్లీలో తప్పగుటలో వింతలేదు. చలికి ఓర్పు చెల్లును గాని విషమునకు చెల్లదు.

ఔలులో మార్చి గడచి ఏప్రిలు వచ్చునప్పటికి పగళ్ళు దీర్ఘమగును. బాటలపై మంచు కరిగి, చలికాలమంతయు చల్లిన కంకర తేలును. దానిపై చక్రము మరల జారును, పంక్చర్లును పడును. ఊడ్చు యంత్రములు వచ్చువరకు మరికొన్ని వారములు మెల్లగనే పోవలెను. ఆ యువకుడు ఒక శనివారము మేకుల టైర్లు విప్పి, మేకులు ఎన్ని ఊడినవో చూచి, తుడిచి అటుకపైని పెట్టును. చైనుకు పట్టిన త్రుప్పును కిరసనాయిలుతో కడుగును. అక్టోబరులో వ్రాసికొన్న కాగితము పుస్తకము నడుమ నుండును. దానిపై రెండు పంక్తులు కొట్టివేయబడి యుండును; ఒకటి అతడు కొట్టివేసినది, మరియొకటి అతని భార్య చేర్చినది, నిదురలేని రాత్రిని గూర్చినది. వచ్చు చలికాలమునకు మరల త్రొక్కునో లేదో అతనికింకను తెలియదు. దానికి అక్టోబరు వరకు సమయమున్నది.